ఫోర్మన్‌కు రెండో నిచ్చెన

బుచ్చన్న కట్టిన పరంజా మీద నుంచి ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్క మనిషి కూడా జారి పడలేదు. ఈ మాట ఆయన క్యాంపులో, కంపెనీ బస్సులో, చాయ్ దుకాణం ముందు ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటాడో లెక్కలేదు. కిందటి డిసెంబర్ తర్వాత ఆ మాటకు 'ఒక్కడు తప్ప' అని తోక తగిలించాల్సి వచ్చింది. తోకతో చెప్పడానికి నోరు రాక, మాటే మానేశాడు.

ఆయనది జగిత్యాల జిల్లాలో రాయికల్ అవతల ఒక పల్లె. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాడు. పంతులు సాయంత్రం పూట పిల్లలను వరసగా నిలబెట్టి ఎక్కాలు వల్లె వేయించేవాడు. ఇరవయ్యో ఎక్కం దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పే పిల్లవాడు బుచ్చన్న ఒక్కడే. ఖతార్ వచ్చాక ఆ ఎక్కాల రాగంలోనే తన పనులు చదివేవాడు. సముద్రం ఒడ్డున యాభై రెండు అంతస్తుల టవరు, పరంజా బుచ్చన్నది. ఉత్తరాన గ్యాసు ట్యాంకు చుట్టూ గుండ్రంగా కట్టింది, పరంజా బుచ్చన్నది. దవాఖాన గుమ్మటం లోపలి పక్క, నలభై మీటర్లు, అదీ బుచ్చన్నదే. ఆటల కోసం లేపిన స్టేడియం కప్పు కింద తొమ్మిది నెలలు నిలబడ్డ పైపుల అడవి ఎవరిదనుకున్నారు? సనయ్య అనే కార్ఖానాల పేటలో కూలీలుండే క్యాంపుకు కొత్తగా వచ్చిన పిల్లలకు రెండో రోజుకల్లా ఈ పాఠం కంఠతా వచ్చేసేది.

ఒకసారి మారుతి అన్నాడు: "కాకా, గా ఆకాశం గూడ నువ్వే పైపులు వెట్టి నిలవెట్టినవా?"

"లేదురా. అది నేనొచ్చేటాల్లకే ఉన్నది. అయినా ఎవడు కట్టిండో గని, క్లాంపులు సరిగ బిగియ్యలే."

గది గదంతా నవ్వింది. పన్నెండు మంది ఉండే గది. ఆరు ఇనప మంచాలు, ఒక్కోదానికి పైన ఒకటి, కింద ఒకటి. మారుతిది బుచ్చన్న మీది మంచం. బుచ్చన్న పక్క మండలం పిల్లవాడే. దూరపు చుట్టరికం తీసి 'కాకా' అనేవాడు, పైపులు మోసేటప్పుడు ఆయన వెనకే నడిచేవాడు.

పరంజా పని తెలియని వాళ్లకు ఒక్క సంగతి చెప్పాలి. కట్టడం పూర్తయ్యాక నిచ్చెన మొదట్లో ఒక చీటీ కడతారు. ఎర్ర చీటీ ఉంటే ఎక్కకూడదు. పచ్చ చీటీ ఉంటే ఎక్కవచ్చు. పచ్చ చీటీ మీద కట్టినవాడి సంతకం ఉంటుంది. దాని మీది ఇంగ్లీషు బుచ్చన్నకు చదవరాదు. ఆయన దానికి 'పూచీ చీటీ' అని పేరు పెట్టుకున్నాడు. ఎక్కేవాడి ప్రాణానికి నాది పూచీ అని రాసిచ్చినట్టు. సంతకం తెలుగులోనే, పంతులు నేర్పిన గుండ్రటి అక్షరాల్లో చేసేవాడు. ఇది ఏ భాష అని కొత్త సేఫ్టీ ఆఫీసర్లు అడిగితే, "పరంజాను అడుగుండ్రి, అది జెప్తది," అనేవాడు.

ఆయన పనిలో ఇంకో పట్టుదల ఉండేది. తన చేతిలో ఉన్నంతవరకు ఒక్కటే నిచ్చెన పెట్టేవాడు. ఎక్కేదీ దిగేదీ ఒకే దారిన, ఆ దారి మొదట్లో తను. పొద్దున ఎన్ని తలలు ఎక్కాయో సాయంత్రం అన్ని తలలు దిగాలి. "రెండు దారులు వెడితె లెక్క దప్పుతది. ఒక్క దొడ్డికి ఒక్కటే తడిక," అనేవాడు. పెద్ద సైట్లలో రూల్సు ఒప్పుకోక రెండో నిచ్చెన పెట్టాల్సి వచ్చినప్పుడల్లా రెండు రోజులు మొహం ముడుచుకునేవాడు.

ఆ తోకలోని ఒక్కడు మారుతే. పడింది పెద్ద ఎత్తు నుంచి కాదు. ఒక బడి గోడకు సిమెంటు పూత కోసం కట్టిన ఆరు మీటర్ల పరంజా. బుచ్చన్న తన ఎక్కాల్లో కూడా చేర్చనంత చిన్న పని. పొద్దున ఆయనే పచ్చ చీటీ కట్టాడు. పదకొండు గంటలప్పుడు పక్క గోడ వాళ్లెవరో అవతలి కొస నుంచి కాళ్ల కింది పలకలు రెండు లాక్కుపోయారు. మారుతి ఆ కొసకు నడిచాడు, కింద పడ్డాడు. నడుము కింది ఎముకలు రెండు చోట్ల విరిగాయి. విచారణలో బుచ్చన్న తప్పేమీ లేదని రాశారు. రాసినాయన చాయ్ కూడా పోయించాడు. ఆ చాయ్‌లో చక్కెర ఉందో లేదో బుచ్చన్నకు తెలియలేదు. ఆ రోజు నుంచి ఏది తిన్నా ఏది తాగినా అంతే.

నెలన్నర తర్వాత మారుతిని చక్రాల కుర్చీలో విమానాశ్రయానికి తెచ్చారు. బుచ్చన్న కుర్చీ నెట్టాడు. లోపలికి తీసుకుపోయే మనిషి వచ్చాక మారుతి తల తిప్పకుండా అన్నాడు: "ఫోర్మన్‌ను జూస్కో కాకా."

"నా పూచీ," అన్నాడు బుచ్చన్న.

అలవాటు కొద్దీ వచ్చిన మాట. అన్నాక గాని అది ఏ మాటో ఆయనకు తట్టలేదు.

ఫోర్మన్ అంటే క్యాంపు పిల్లి. బూడిద రంగు, ఎడమ చెవి కొస తెగింది. అందరూ పనిచేస్తుంటే ఎత్తున ఎక్కడో కూర్చుని చూస్తూ ఉంటుందని మారుతి ఆ పేరు పెట్టాడు. తన రొట్టెలో సగం దానికే వేసేవాడు.

తర్వాత కంపెనీ వాళ్లు బుచ్చన్న పని మార్చారు. "ఈ వయసులో ఎండల ఎందుకు పెద్దమనిషీ," అని అల్ హిలాల్ పేటలో ఆఫీసు వాళ్లు ఉండే విల్లాకు కాపలా పెట్టారు. వెనక చిన్న గది, ఏసీ. ఎవరైనా అయితే సంతోషపడతారు. బుచ్చన్న సంతోషపడలేదు, బాధపడలేదు. గేటు తీశాడు, గేటు వేశాడు, చెట్లకు నీళ్లు పెట్టాడు. వారానికోసారి క్యాంపుకు వెళ్లి పిల్లిని చూసి, మారుతికి వాయిస్ పెట్టేవాడు: పిల్లి మంచిగున్నది, పిల్లి తిన్నది. జవాబు వచ్చేది కాదు. ఫోన్ చేస్తే మారుతి భార్య సునంద ఎత్తి, "పన్నడు మామా," అనేది. ఎప్పుడు చేసినా పడుకునే ఉండేవాడు.

జూన్‌లో క్యాంపు ఖాళీ చేయిస్తున్నారనీ, పురుగుల మందు చల్లే వాళ్లు వస్తున్నారనీ తెలిసింది. బుచ్చన్న నీళ్ల సీసాల అట్టపెట్టెకు బొక్కలు పొడిచి, ఫోర్మన్‌ను అందులో పెట్టుకుని విల్లాకు తెచ్చాడు.

విల్లా కింది భాగంలో సత్యవేదం, దీనమ్మ ఉంటారు. నరసాపురం వైపు వాళ్లు. ఆయన కంపెనీలో అడ్మిన్, ఆమె ఒక క్లినిక్‌లో రికార్డులు చూస్తుంది. దీనమ్మకు అప్పటికే మూడు పిల్లులు. మార్త, మరియ, లాజరు. లాజరును చెత్తకుండీ పక్కన చచ్చిందనుకుని వదిలేస్తే ఈమె తెచ్చి బతికించింది. బతికినవాడు ఊరికే బతకలేదు. పొట్టేలంత అయ్యాడు.

అట్టపెట్టె చూడగానే సత్యవేదం చేతులు జోడించాడు. "పెద్దాయనా, నీకు దణ్ణం పెడతా. మూడింటితోనే నాకు సోఫాలో చోటు లేదు. పేపరు చదూకుందామంటే లాజరుగారు ముందే చదివేత్తన్నాడు."

"సార్, ఇది మందితోని కలిసి ఉండుడు ఎరిగిన పిల్లి. క్యాంపుల పన్నెండు మందితోని ఉన్నది."

"మనుషులతో ఉండుద్దయ్యా. మనుషులు కరవరు కదా."

"కొందరు కరుస్తరు సార్."

దీనమ్మ అప్పటికే పెట్టె మూత తెరిచి లోపలికి చూస్తోంది. "ఆయ్, ఎంత చిక్కిపోయిందండీ బాబాయ్! ఎండలో బయటుంచితే చచ్చిపోద్ది. ఏవండీ, కొన్నాళ్లు చూద్దారండి."

సత్యవేదం గోడ మీది క్యాలెండర్ చూశాడు. ఇక్కడ సెలవూ చర్చీ శుక్రవారమే. "వచ్చే శుక్రవారం కాదు, ఆ పై శుక్రవారం. నేను చర్చి నుంచి వచ్చేసరికి నాలుగూ కొట్టుకోకుండా ఉంటే ఉంటాయి. లేదా, మన నీళ్ల ట్యాంకరు మొహసిన్ ఉన్నాడు కదా, మదీనత్ అల్ షమాల్ ఊరవతల మేకల ఫారానికి పోతాడు. దీన్ని అక్కడ వదిలేత్తాడు. ఎలకలు బాగా ఉంటాయంట."

మేకల ఫారంలో కుక్కలు కూడా ఉంటాయని బుచ్చన్నకు తెలుసు. అక్కడ వదిలాక ఇక మారుతికి ఏ వాయిస్ పెట్టాలి? పెట్టడానికి ఏమీ మిగలదు. ఆ సంగతి ఆయన చేతి మీది దెబ్బలాగా స్పష్టంగా చూశాడు గాని నొప్పి తెలియలేదు.

నాలుగు రోజులు ఫోర్మన్ బట్టలుతికే మిషన్ వెనకే ఉంది. బయటికి వస్తే చాలు, లాజరు వంటింటి గుమ్మంలో అడ్డంగా పడుకునేవాడు. అరవడు, పంజా విసరడు. చూస్తాడంతే. మార్తా మరియలు వాడి వెనక నిలబడి బుసకొట్టేవి. ఒకసారి రక్తం వచ్చింది. ఫోర్మన్ ముక్కు మీద గీత.

దీనమ్మ ఫోన్‌లో వీడియోలు చూసి వచ్చి చెప్పింది: "బాబాయ్ గారూ, వీటికి ఇల్లు సరిపోక కాదంటండి. నేల ఒక్కటే ఉండి సరిపోట్లేదంట. ఎక్కడానికి గోడలుండాలంట. ఒకటి పైన, ఒకటి కింద ఉంటే ఎవరి చోటు వాళ్లదని సర్దుకుంటాయంట."

బుచ్చన్నకు క్యాంపు గది గుర్తొచ్చింది. వచ్చిన కొత్తలో మధుసూదన్ అని ఒకడు ఎవరితో పడితే వాళ్లతో తగువు పెట్టుకునేవాడు. కింది మంచం నుంచి తీసి కిటికీ పక్క పై మంచం ఇచ్చారు. మరునాటి నుంచి వాడి నోరు లేవలేదు. పైన పండుకున్నవాడి కాళ్ల పక్కన నుంచి ఎవరూ నడవరు, వాడి దుప్పటి ఎవరూ తొక్కరు. పన్నెండు మంది నేల మీద పడుకుంటే మూడు రోజులు కలిసి ఉండలేని గదిలో, రెండు వరసలు చేస్తే ఏళ్లకేళ్లు ఉన్నారు.

"గోడనా అమ్మా?" అన్నాడు. "గోడ సంగతి నాకిడిసిపెట్టుండ్రి. యాభై రెండు అంతస్తులు..." అని మొదలుపెట్టి, ఆపేశాడు. ఆ ఎక్కం ఎందుకో ముందుకు సాగలేదు.

విల్లా వెనక షెడ్డులో పనికిరాని పైపు ముక్కలు, తుప్పు క్లాంపులు, కొస విరిగిన పలకలు ఉన్నాయి. సత్యవేదం తీసుకోమన్నాడు. బుచ్చన్న మూడు రోజులు పనిచేశాడు. హాల్లో కిటికీ పక్క గోడ పొడవునా పన్నెండడుగులు, ఎత్తు ఏడడుగులు, మూడు వరసల పలకలు. పైపు కాళ్ల కింద రబ్బరు ముక్కలు, పలకల మీద పాత కార్పెట్టు. ప్రతి వరసకు చుట్టూ కడ్డీలు, జారకుండా అంచు పలకలు. రసమట్టం పెట్టి వాలు చూశాడు. ఎడమ కొసకు ఒక నిచ్చెన, మెట్టు మెట్టుకూ జానెడు దూరం. ఇరవై ఎనిమిదేళ్ల పనితనం ఆ గోడ మీద కనిపించింది. చేతులు వాటంతట అవి పనిచేశాయి. ఆయనకు తను పక్కన నిలబడి చూసినట్టే ఉంది.

సత్యవేదం చుట్టూ తిరిగి చూశాడు. "బాగుందయ్యా. పిల్లులకి సేఫ్టీ బెల్టులు ఎప్పుడిత్తావు?"

"బెల్టు అక్కర్లేదు సార్. నా పరంజా మీద ఎవ్వరూ..." అని మళ్లీ ఆగాడు.

షెడ్డులో దొరికిన పాత పచ్చ చీటీ ఒకటి జేబులో ఉంది. ఆరు నెలల తర్వాత దాని మీద సంతకం చేసి, నిచ్చెన మొదట్లో కట్టాడు. గుండ్రటి అక్షరాలు, కింద తేదీ.

మర్నాడు పొద్దున చూస్తే ఫోర్మన్ అన్నిటికంటే పై వరసలో కుడి మూలన కూర్చుని ఉంది. క్యాంపులో కూర్చున్నట్టే, పనివాళ్ల మీద కన్నేసినట్టు. దీనమ్మ చప్పట్లు కొట్టింది. లాజరు తల ఎత్తి చూసి, ఏమీ అనకుండా పోయి సోఫాలో పడుకున్నాడు. ఆ రోజు కొట్లాట లేదు. మర్నాడూ లేదు.

మూడో రోజు లాజరుకు నిచ్చెన సంగతి తెలిసింది.

ఎక్కలేదు. నిచ్చెన మొదటి మెట్టు దగ్గర, పచ్చ చీటీ కిందే, కాళ్లు మడుచుకుని కూర్చున్నాడు. పైనున్నది దిగాలంటే తన ముందు నుంచే దిగాలి. ఫోర్మన్ దిగలేదు. తిండికీ రాలేదు, ఇసక పెట్టె దగ్గరికీ రాలేదు. దీనమ్మ కుర్చీ వేసుకుని గిన్నె పైన పెట్టింది. ఆ వాసనకు మంగళవారం మధ్యాహ్నం లాజరు లేచి, తొందర లేకుండా, మెట్టు మెట్టుగా ఎక్కాడు. ఫోర్మన్ వెనక్కి వెనక్కి జరిగింది. కుడి కొసకు చేరింది. అక్కడ బుచ్చన్న బిగించిన కడ్డీ అడ్డం ఉంది. అది కడ్డీ సందులో దూరి, ఏడడుగుల నుంచి దూకింది. దిగడానికి సరిగా చోటు చూసుకోలేదు. బల్ల అంచుకు తగిలి పాలరాతి మీద పక్కకు పడింది.

బుచ్చన్న అప్పుడు గుమ్మంలోనే ఉన్నాడు. పడిన చప్పుడు విన్నాడు. వెళ్లి ఎత్తుకున్నాడు. చేతులు వణకలేదు. అవి వణకకపోవడం చూశాడు.

దీనమ్మ టాక్సీ పిలిచి పిల్లి డాక్టరు దగ్గరికి తీసుకుపోయి వచ్చింది. ఎముక విరగలేదు, వెనక కాలు బెణికింది. వచ్చాక ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"అంత కట్టారు, అన్ని కడ్డీలు పెట్టారు, ఏం లాభమండీ బాబాయ్? దిగే దారేదండీ? ఒక్కటే నిచ్చెన. దానికడ్డంగా ఒకడొచ్చేత్తంటే ఆ రెండోది ఏం చేత్తాది? అవతలి కొసకి పోద్ది. కొస అయిపోతే పడుద్ది!"

బుచ్చన్న నిచ్చెన దగ్గరికి వెళ్లి పచ్చ చీటీ విప్పి జేబులో పెట్టుకున్నాడు. తన గదికి వెళ్లి మంచం మీద కూర్చున్నాడు.

ఆరు నెలలు ఆయన ఆ రెండు పలకల గురించే ఆలోచించాడు. ఎవరు లాక్కుపోయారు, ఎందుకు లాక్కుపోయారు అని. మారుతి ఆ కొసకు ఎందుకు నడిచాడు అని ఒక్కసారి కూడా అనుకోలేదు. తెలియక కాదు. ఇద్దరు మనుషులు సిమెంటు బకెట్లు మోసుకుని నిచ్చెన ఎక్కి వస్తున్నారు. మారుతి దిగాలి. దిగే దారిలో వాళ్లున్నారు. వాళ్లకు చోటివ్వడానికి వెనక్కి వెనక్కి జరిగాడు. కుడి కొసకు చేరాడు.

ఆ పొద్దున సూపర్‌వైజర్ ఇక్బాల్ అడిగాడు కూడా, అవతలి పక్క ఇంకో నిచ్చెన పెట్టిద్దామా అని. చిన్న పని కాబట్టి రూలు కాదు, అయినా అడిగాడు. బుచ్చన్న పచ్చ చీటీ కడుతూ, వద్దని అరబ్బీలో చెప్పి చేయి ఊపాడు. "మాఫీ, మాఫీ. ఒక్క నిచ్చెన చాలు. నా లెక్క దప్పుతది."

విచారణలో ఎవరూ అడగలేదు. ఇక్బాల్ చెప్పలేదు. తనూ చెప్పలేదు. చక్కెర ఉందో లేదో తెలియని చాయ్ తాగి వచ్చాడు.

బుధవారం పొద్దున్నే బుచ్చన్న స్పానరు పట్టుకుని హాల్లోకి వచ్చాడు. ముందు కుడి కొస కడ్డీ విప్పాడు. తను కట్టిన కడ్డీ, పని నడుస్తుండగా తన చేత్తో విప్పడం అదే మొదలు. ఆ కొస నుంచి కిటికీ గట్టు దాకా మూడు చిన్న పలకలు మెట్లలా గోడకు బిగించాడు. గట్టు మీద నుంచి అల్మారా మీదికి ఒకటి, అక్కడి నుంచి నేలకు రెండో నిచ్చెన. మధ్య వరసలో పలక తీసేసి, పిల్లి దూరేంత సందు వదిలాడు. పై వరసను రెండు పలకల వెడల్పు చేశాడు, ఎదురెదురుగా రెండు వస్తే ఒకటి తప్పుకునేలా. మూలన ఒక చెక్కపెట్టె పెట్టి, దానికి రెండు పక్కలా తలుపు కోశాడు. గిన్నెలు నాలుగూ నాలుగు చోట్ల, నాలుగు ఎత్తుల్లో పెట్టాడు.

"ఇదేంటయ్యా, ఎక్కడ చూసినా దారులే," అన్నాడు సత్యవేదం. "ఇప్పుడు పచ్చ చీటీ లేదేంటి?"

"ఎక్కెటోల్లు ఎక్కి దిగినంక చూద్దం సార్."

ఆ రెండు రోజులు బుచ్చన్న గేటు పని అయిపోగానే వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. గురువారం పొద్దున ఫోర్మన్ కుంటుకుంటూ పైకి వెళ్లింది. లాజరు ఎడమ నిచ్చెన దగ్గర కూర్చున్నాడు. ఫోర్మన్ కాసేపు కిందికి చూసింది. కుడి పక్కకు నడిచి, ఒక్కో పలకా వాసన చూస్తూ, కిటికీ గట్టు మీదికి దిగింది. లాజరు లేచి కుడి నిచ్చెన దగ్గరికి వచ్చాడు. ఫోర్మన్ మళ్లీ ఎక్కి, మధ్య సందులోంచి జారి, ఎడమ వైపు దిగి గిన్నె దగ్గరికి పోయింది. ఇలా మూడుసార్లు. నాలుగోసారి లాజరు మధ్యలో నిలబడి ఇటు చూశాడు, అటు చూశాడు. కాలు నాకుకుని, రెండో వరసలో ఎండ పడే చోట పడుకున్నాడు. రెండు నిచ్చెనలకు ఒక్కడు కాపలా కాయలేడు. కాయలేనప్పుడు ఆ ఉద్యోగమే మానేశాడు.

బుచ్చన్న ఫోన్ తీసి ఫోర్మన్ రెండో నిచ్చెన దిగడం వీడియో తీశాడు. మారుతికి పంపాడు. ఈసారి కింద వాయిస్ పెట్టలేదు.

శుక్రవారం చర్చి నుంచి వచ్చి సత్యవేదం హాలు గుమ్మంలో చెప్పులు విప్పకుండానే నిలబడ్డాడు. మార్త కిటికీలో, మరియ అల్మారా మీద, లాజరు రెండో వరసలో, ఫోర్మన్ పెట్టెలోంచి చెవి తెగిన తల ఒక్కటి బయట పెట్టి. సోఫా ఖాళీగా ఉంది. ఆయన వెళ్లి సోఫాలో కూర్చుని, కాళ్లు చాపాడు.

"దీనా, ఆ మొహసిన్‌కి ఫోన్ చేసి రావద్దని చెప్పు," అన్నాడు. "చెప్పి, నా పేపరు ఇలాగియ్యి."

బుచ్చన్న తన గదికి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. సునంద అనుకుని ఎత్తాడు.

"కాకా."

మారుతి గొంతు. కాస్త లావైంది.

"ఆఁ, మారుతీ."

"కుంటుతున్నది గదా అది?"

"కుంటుతున్నది. మొన్న మీదికెల్లి దుంకింది."

"నీ పరంజా మీదికెల్లేనా?"

"నా పరంజా మీదికెల్లే."

అవతల టీవీ మోత, ఎవరో గిన్నె కడుగుతున్న చప్పుడు.

"అంచు పలకలు గూడ వెట్టినవ్. పిల్లికి హెల్మెట్ మరిసిపోయినట్టున్నవ్," అన్నాడు మారుతి.

"మారుతీ, ఒక్క మాట. ఆ దినం పొద్దుగాల ఇక్బాల్ రెండో నిచ్చెన వెడ్తనన్నడు. నేనే వద్దన్న."

"నాకెర్కే."

బుచ్చన్న ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"నేను మీద పలకలు సర్దుతనే ఉన్న గద కాకా. నాకినవడ్డది. నేను గూడ ఎవ్వలికి జెప్పలే. నువ్వే జెప్తవని సూసిన. నువ్వేమో పిల్లి తిన్నది, పిల్లి పన్నది అని వాయిస్‌లు వెడ్తివి. నాకు కోపమొచ్చి ఫోన్ ముట్టలే."

"కోపం రావాలె."

"వచ్చింది. ఇంక ఉన్నది."

"ఉండనియ్యి."

బుచ్చన్న తనకు ఏడుపు వస్తుందేమోనని చూసుకున్నాడు. రాలేదు. బరువు దిగినట్టు కూడా లేదు. చెప్పాల్సింది చెప్పాడు, అంతే. తర్వాత ఏమడగాలో ఆయన చేతులకే తట్టింది.

"మీ ఇంటి ముంగట మెట్లున్నయ్ గదా. ఎట్ల దిగుతున్నవ్?"

"యాడ దిగుతున్న? తమ్ముడొచ్చి ఎత్తుకుంటె దిగుడు. వాడు రాకుంటె లోపట్నే."

"ఎన్ని మెట్లు?"

"మూడు."

"ఎత్తెంత?"

"ఏమో. రెండు ఫీట్లుంటదేమొ."

"అందాజ జెప్పకు. టేపు వెట్టి చూసి చెప్పు. గడప కాన్నించి వాకిలి మట్టం దాక."

మారుతి లోపలికి కేకేశాడు. "ఓ సునందా, గా టేపు వట్కరా. కాక కొలతలడుగుతున్నడు. ఏమోనే, ఖతార్ల కూసోని మనింటికి గూడ పరంజా కడ్తడట."

బుచ్చన్న రాసుకోవడానికి జేబులు వెతికాడు. పచ్చ చీటీ దొరికింది. వెనక వైపు తెల్లగా ఉంది. దాన్ని గోడకు ఆనించి, పెన్సిలు నాలుకకు అద్దుకున్నాడు.

"ఇరవై మూడు ఇంచులు మామా," అంది సునంద గొంతు.

చక్రాల కుర్చీ దిగాలంటే ఇంచు ఎత్తుకు ఒక ఫీటు పొడుగు వాలు కావాలి. ఇరవై మూడు ఫీట్లు. "వాకిలి పొడుగెంతమ్మా?"

"గోడ దాకనా? పదిహేను ఉంటయి."

"ఉంటయి గాదు బిడ్డా. కొలువు."

ఆమె వాకిట్లోకి నడుస్తున్న చెప్పుల చప్పుడు ఫోన్‌లో వినిపించింది. పదిహేనే అయితే వాలును మధ్యలో ఒకసారి మళ్లించాలి, మళ్లే చోట కుర్చీ తిరిగేంత చోటు వదలాలి. ఆగస్టులో సెలవు ఉంది. బుచ్చన్న చీటీ మీద ఒక గీత గీసి, దాన్ని మళ్లించి, రెండో గీత గీశాడు. కొలత కోసం పెన్సిలు పట్టుకుని ఉన్నాడు.